రెండు సీట్ల విమానం, ఎనభై కిలోల అల్లుడు

తోడల్లుడు శ్రీనాథ్ రెండు సీట్ల విమానం కొన్నాడని తెలిసిన రోజు ప్రేమ్‌సాగర్‌కు మధ్యాహ్నం అన్నం సహించలేదు. మర్నాటికి తేరుకుని, ఆ విమానంలోని లోపాలు కనబడ్డవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు.

“సామాను పెట్ట జాగ లేదు. ఏసీ లేదు. మబ్బు పడితే లేవది. బర్కత్‌పుర పోవాల్నంటే మల్ల సిటీ బస్సే,” అన్నాడు చిక్కడపల్లి కిరాణా ఓదెలుతో.

“గాల్ల ఎగురుతది గదన్నా,” అన్నాడు ఓదెలు.

“గదొక్కటే,” అని ఒప్పుకున్నాడు.

అసలు బాధ వేరే. నారాయణగూడలోని అత్తగారింట్లో ఎవరు ఏ బండి కొన్నా మొదట ఎక్కేది పెద్దల్లుడే. ఇరవై రెండేళ్లుగా ఆ సీటు ప్రేమ్‌సాగర్‌దే. శ్రీనాథ్ కూడా మర్యాద తప్పలేదు.

“ఇంక ఇరవై రోజులకు పూజ. మొదటి సవారి నీదే అన్నా,” అన్నాడు ఫోన్లో. “ఒక్కటే, పక్క సీట్ల మనిషి ఎనభై కిలోలు దాటొద్దు.”

ప్రేమ్‌సాగర్ ఎనభై నాలుగు.

“నాకెందుకు తమ్మీ గవన్ని,” అని ఫోన్ పెట్టేసి, ఆ సాయంత్రమే వెళ్లి ఓదెలు బియ్యం తూచే కాంటా ఎక్కాడు. అశోక్‌నగర్‌లోని ఇంట్లో రాత్రి అన్నం బంద్ చేశాడు. రెండు పూటలా ఇందిరా పార్కులో నడిచాడు. భార్య సంధ్య అడిగితే షుగరన్నాడు. విమానాన్ని తిట్టడం మాత్రం ఆపలేదు; తిడుతూ నడిస్తే చెమట ఎక్కువ పట్టేది. పూజకు ముందురోజు కాంటా డెబ్బై తొమ్మిదిన్నర చూపించింది.

తెల్లవారి అందరూ నారాయణగూడ నుంచి బయలుదేరే ముందు అత్తగారు బాలనాగమ్మ విస్తళ్లు వేసింది. గారెలు, కోడికూర.

“నాకొద్దత్తమ్మా.”

“పెద్దల్లుడు తినకుంట చిన్నల్లునికి ఎట్ల పెడుత? ఆయన ఆకలి మీద విమానం నడపాల్నా?”

మొదటి ముద్ద తనది కాకపోతే మొదటి సీటు తనదెలా అవుతుంది? ప్రేమ్‌సాగర్ కూర్చున్నాడు. ఇరవై రోజుల ఆకలీ పక్కనే కూర్చుంది. ఎనిమిదో గారె తర్వాత లెక్క తప్పింది.

ఊరి బయట మైదానంలో విమానం చక్రాలు నిమ్మకాయలు తొక్కాయి. పక్కనే కాంటా. ఎనభై ఒకటి. ప్రేమ్‌సాగర్ బూట్లు విప్పాడు, బెల్టు తీశాడు, తాళాలు తీశాడు. ఎనభైన్నర. చేతులు చొక్కా గుండీల మీదికి వెళ్లాయి.

“వద్దన్నా, అందరు చూస్తున్నరు,” అన్నాడు శ్రీనాథ్ మెల్లగా. “ఈసారికి వదినె ఎక్కుతది తీయి.”

సంధ్య యాభై ఎనిమిది. శ్రీనాథ్ మాట పూర్తికాకముందే కొంగు దోపుకుని ఎక్కి కూర్చుంది.

“ఏమండీ, ఒక ఫొటో తీయుండ్రి. ఫ్యామిలీ గ్రూపుల పెడదం.”

ప్రేమ్‌సాగర్ ఉత్త కాళ్లతో ముందుకొచ్చాడు. రెక్క పడకుండా, తోక పడకుండా, ఇద్దరి మొహాలకూ బాగా దగ్గరికొచ్చి నొక్కాడు. విమానం లేవకముందే గ్రూపులో పెట్టేశాడు కూడా.

రాంనగర్ నుంచి అరుంధతి పిన్ని వెంటనే అడిగింది: “ఆటోల ఎటు పోతున్నరు?”

ప్రేమ్‌సాగర్ ఆ మాటకు పైకెత్తిన బొటనవేలి గుర్తు పెట్టాడు.