ప్రార్థనలో పెట్టిన ప్రయాణం

వీధి వైపు కిటికీ ఊచలను తడిగుడ్డతో తుడవడం కృపమణి రోజూ చేసే పని. బళ్ళారి బ్రూస్‌పేటలో వాళ్ళ ఇల్లు సరిగ్గా మలుపు దగ్గర ఉంది. సరుకు లారీలు అక్కడికి వచ్చి నెమ్మదించి, గేరు మార్చి, ఇంటి మొహాన ఇంత పొగ వదిలి పోతాయి. ఆ శనివారం పొద్దున కూడా గుడ్డ ఊచ మీద ఒక్కసారి జారిందో లేదో నల్లబడింది. ఆమె మడత మార్చి మళ్ళీ తుడిచింది. కిటికీ కింద మంచం మీద అత్తగారు ఎస్తేరమ్మ, ఉబ్బసానికి పీల్చే మందు చేతిలో పట్టుకుని, కోడలి చేతినే చూస్తూ కూర్చుంది.

"ఎంత తుడిస్తే ఏందమ్మే, రేపటికి మళ్ళా అంతే కదా," అంది ఎస్తేరమ్మ.

"తుడవకపోతే నీ గుండెల్లోకి పోతాది అత్తా."

"తుడిచినా పోతానే ఉండాది లే."

అది నిజమే. ఆ నిజం మీదే కృపమణి పీహెచ్‌డీ చేస్తోంది. డీజిల్ బండి పొగగొట్టంలోనే ఈ మసిని పట్టి, అక్కడికక్కడే కాల్చేసే పదార్థాన్ని, క్యాటలిస్టును, తయారుచేయడం ఆమె పని. మసి అంత తేలిగ్గా కాలదు. దానికి కావలసినంత వేడి బండి పొగలో ఉండదు. అందుకని సీరియం లవణాన్నీ ఇంకో రెండు లోహాల లవణాలనూ నీళ్ళలో కరిగించి, యూరియా కలిపి కొలిమిలో పెడుతుంది. అది పాలు పొంగినట్టు పొంగి, భగ్గున అంటుకుని, చివరికి బొరుగుల్లా తేలికైన పొడి మిగులుతుంది. సన్నసన్నని కన్నాలున్న పింగాణీ ఇటుకకు ఆ పొడిని పూత పూస్తే, మసి తక్కువ వేడికే కాలిపోతుంది. ఇంతే సంగతి. ఈ ఇంతే సంగతికి ఆమె యవ్వనమంతా పట్టింది.

ఇంట్లో దీన్ని "పొగ చదువు" అంటారు. భర్త గిద్యోను హైస్కూల్లో సైన్సు మాస్టరు, చర్చిలో సంఘ కార్యదర్శి. పెళ్ళిళ్ళలో ఎవరైనా అడిగితే, "మా ఆమె పొగ మీద డాక్టరవుతాండాదప్పా. గ్యాసు పెట్టించి తప్పు చేసినా, కట్టెల పొయ్యి ఉండింటే ఇంట్లోనే చదువుకునేది," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. కృపమణి కూడా నవ్వేది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు. గిద్యోను చెడ్డవాడు కాదు. ఆ మాట పుట్టింటివాళ్ళు, పాస్టరుగారి భార్య, పక్కింటివాళ్ళు అందరూ ఆమెకు చెప్పి ఉన్నారు. తాగడు, కొట్టడు, జీతం తెచ్చి ఇంట్లో పెడతాడు, ఇంకేం కావాలి? ఇంకేం కావాలో చెప్పబోయినప్పుడల్లా కుక్కరు కూత వేసేది.

యూనివర్సిటీలో మాత్రం ఏం మారింది కనక? ఎవరైనా వస్తే గైడు తలుపులోంచి తొంగిచూసి, కన్నడంలో "కృపమణీ, స్వల్ప టీ హేళమ్మా" అంటాడు. ల్యాబు నిండా స్కాలర్లున్నా క్యాంటీనుకు టీ చెప్పే నోరు ఆమెదే, బీకర్లు కడిగే చేతులు ఆమెవే. "మీరు కడిగితే మరక ఉండదక్కా," అని జూనియరు సిద్దేశ్ మెచ్చుకునేవాడు. ఇంట్లో అన్నం గిన్నెలకూ అదే మెచ్చుకోలు దొరికేది.

శుక్రవారం సాయంత్రం ఆ గైడే ఫోన్ చేశాడు. పూణెలో ఇంజన్ల పరీక్షశాలలో ఒక వారం దొరికింది. నిజం ఇంజను నడుస్తుండగా దాని పొగగొట్టంలో కృపమణి ఇటుకను పెట్టి చూస్తారు. ఆదివారం సాయంత్రమే బయలుదేరాలి. ఈ కబురు కోసం ఆమె కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. ఇది తప్పితే మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. పైగా పరీక్ష ఎవరు దగ్గరుండి చేయిస్తే వాళ్ళ పేరే ముందు వేయడం ఆ ల్యాబు ఆనవాయితీ. రాత్రి భోజనాల దగ్గర ఆమె ఈ సంగతి చెబితే, గిద్యోను చారు కలుపుకుంటూ నిదానంగా తల ఊపాడు.

"ప్రార్థనలో పెడదాం," అన్నాడు.

ఆ ఇంట్లో ప్రార్థనలో పెట్టిన సంగతి మళ్ళీ బయటికి రాదు. ఆమె స్కూటీ నేర్చుకునే సంగతి కూతురు షెకైనా ఒళ్ళో ఉన్నప్పుడు ప్రార్థనలో పెట్టారు. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. రాయచూరులో పర్మనెంటు ఉద్యోగం వస్తే అదీ ప్రార్థనలో పెట్టారు. వాషింగ్ మెషీను ఇంకా ప్రార్థనలోనే ఉంది. గిద్యోను బుల్లెట్ బండి మాత్రం ప్రార్థనకు చిక్కకుండా ఒక సాయంత్రం నేరుగా గుమ్మంలోకి వచ్చేసింది. ఆ తరవాత దానికి కృతజ్ఞత కూటం పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ ఉగ్గాని, బజ్జీ చేసింది కృపమణే.

శనివారం మధ్యాహ్నం ఆమె చెంబంత ఇటుకను షెకైనా చిన్నప్పటి ఉన్ని స్వెట్టరులో చుట్టి స్టీలు డబ్బాలో సర్దుతుంటే మళ్ళీ గైడు ఫోను వచ్చింది. కన్నడాయన, ఆయన తెలుగులో సగం కన్నడమే.

"మీ యజమాన్రు ఫోన్ చేసినారమ్మా. ఇంట్లో కష్ట ఇదె, నువ్వు వచ్చేది ఆగల్ల, కుదరదు అన్నారు. పర్వాల్ల, బిడు. సిద్దేశ్ పోతాడు. రేపు మధ్యాహ్నం మీ ఇంటికి వచ్చి డబ్బా తీసుకుంటాడు."

యజమాన్రు. కన్నడంలో ఆ మాటకు మొగుడని అర్థం. బళ్ళారిలో పుట్టి పెరిగిన కృపమణికి అది తెలియక కాదు. పాలవాడి దగ్గరి నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరి నోటా విన్న మాటే. ఆ రోజు మాత్రం ఆమెకు అది తెలుగులో వినిపించింది. ఇంటికి యజమాని, బండికి యజమాని, ఈమెకూ యజమాని.

"నేను రానని నేను చెప్పలేదు సార్," అంది.

గైడు గొంతు తగ్గించాడు. "అట్లయితే రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను. మళ్ళా నువ్వే చెప్పాలి. ఇంట్లో గలాటె మాత్రం వద్దమ్మా."

సాయంత్రం గిద్యోను ఆదివారం వేసుకునే తెల్లచొక్కా తెచ్చి ఆమె ముందు ఇస్త్రీ బల్ల మీద వేశాడు. ఆమె పెట్టె వేడెక్కేదాకా ఆగి, "మా సార్‌కు ఫోన్ చేసినారా?" అని అడిగింది.

"నీకు మొగమాటం కదా, నువ్వు చెప్పలేవని నేనే చెప్పినా. రాత్రంతా ప్రార్థన చేసినా కృపా. నా మనసుకు నెమ్మది లేదు, సమాధానం లేదు."

రాత్రంతా ఆయన గురక పెట్టిన సంగతి పక్కన పడుకున్న మనిషికి తెలియదా? "నా మనసుకు సమాధానం ఉండాది," అంది కృపమణి.

"వారం దినాలు అమ్మను ఎవురు చూస్తారు? పాపకు టిఫిను ఎవురు కడతారు? ఆడ మొగోళ్ళ మధ్యలో, ఇంజన్ల కాడ నీకేం పని? పొడి చేసింది నువ్వేనని అందరికీ తెల్సు గదా." ఆయన కొంచెం మెత్తబడి, నవ్వాడు కూడా. "క్యాటలిస్టు అంటే ఏంది? తను మారకుండా, తరగకుండా పని జరిపించేది. పిల్లోళ్ళకు ఏటేటా చెప్తాండా. మా ఇంటికి నువ్వు అట్లాంటిదానివి. పొగడ్తనే కదా ఇది?"

ఆమె కాలరు మీద నీళ్ళు చల్లి పెట్టె నొక్కింది. మారకుండా, తరగకుండా. ఈ వాక్యం ఆమే ఒకప్పుడు కాలేజీలో గెస్టు లెక్చరరుగా ఎందరి చేతనో వల్లె వేయించింది, అందరికీ మార్కులు వేసింది. అది సగం మాటేనని కొలిమి ముందు కూర్చున్న తరవాత కదా తెలిసింది. ఆమె పొడి తన ఒంట్లో ఉన్న ప్రాణవాయువును తీసి మసికి ఇస్తుంది, మసి కాలిపోతుంది. ఇచ్చిన చోట పొడిలో ఖాళీ పడుతుంది. ఆ ఖాళీని పక్కనుంచి పోయే గాలిలోంచి నింపుకుంటుంది. నింపుకుంటేనే మళ్ళీ ఇవ్వగలదు. గాలి అందకుండా చేస్తే ఎంత మంచి పొడైనా నిలబడదు. బయటినుంచి చూసేవాళ్ళకు అది మారనట్టే కనబడుతుంది. ఇచ్చింది కనబడుతుంది, తీసుకుంది కనబడదు; అందుకని తీసుకోవలసిన అవసరమే లేదనుకుంటారు. తను ఆఖరుసారి గుండెనిండా గాలి పీల్చుకుంది ఎప్పుడని ఆలోచిస్తే ఏ సందర్భమూ గుర్తుకు రాలేదు. కాలరు కాస్త కమిలిన వాసన వచ్చి పెట్టె పైకెత్తింది.

ఆదివారం చర్చి తరవాత ప్రేమవిందు ఉంది. సంఘమంతా కలిసి భోంచేసే ఆ విందుకు సాంబారు వంతు కార్యదర్శిగారి ఇంటిది. అంటే ఎవరి వంతో చెప్పక్కరలేదు. చీకటితోనే లేచి పెద్ద బకెట్టు నిండా సాంబారు కాచి, అత్తకు తల దువ్వి, అందరికంటే వెనక తను తయారై వెళ్ళింది.

ఆ చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం. దేవుడు తమకు చేసిన మేలు ఏదైనా లేచి చెప్పి, చివర "దేవునికి మహిమ కలుగును గాక" అంటే, అందరూ "ఆమేన్" అంటారు. మొదటి ఆమేన్ ఎప్పుడూ గిద్యోనుదే. గొంతు గట్టిది, అలవాటు ఇంకా గట్టిది. ఒకసారి పాస్టరుగారు అదే రాగంలో "మన బోరు మోటారు కాలిపోయింది" అని ప్రకటిస్తే కూడా ఆమేన్ అన్నాడు. ఎస్తేరమ్మకు అది నచ్చలేదు. ఆమేన్ అంటే దేవుని ముందర వేసిన ముద్ర, అన్నాక వెనక్కి తీసుకునేకి లేదని ఆమె మనవరాలికి చిన్నప్పుడే నేర్పింది.

ఆ రోజు గిద్యోనే ముందు లేచాడు.

"ప్రియ సంఘమా, నా భార్యకు పెద్ద ఊర్లో పెద్ద పరీక్ష వచ్చింది. లోకం పిలిచింది. అయితే ప్రభువు ఆమె మనసు మార్చినాడు. ఇల్లే నా పరిచర్య అని, తనంతట తానే ఆ ప్రయాణం మానుకునింది. అట్లాంటి మనసు ఇచ్చిన దేవునికి మహిమ కలుగును గాక!"

ఆమేన్ అంది సంఘం. ఆడవాళ్ళు వెనక్కి తిరిగి కృపమణిని చూసి మెచ్చుకోలుగా నవ్వారు. ఒకామె చెయ్యి నొక్కింది కూడా. కృపమణికి ఒళ్ళు మండిపోయింది. ఫోనులో ఆమె తరఫున మాట్లాడాడు, సరే. ఇప్పుడు దేవుడి ముందు, ఆమె మనసులో ఏముందో కూడా ఆయనే చెప్పేశాడు. ఇంక ఊరుకుంటే ఈ అబద్ధం తన సాక్ష్యమైపోతుంది. ఇంటికి పోతే సిద్దేశ్ డబ్బా కోసం గుమ్మంలో ఉంటాడు. పాస్టరుగారు "ఇంకెవరైనా?" అని అడిగేలోగా ఆమె కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడింది.

"అందరికీ ప్రభువు పేరిట వందనాలు. నా సాక్ష్యం నేనే చెప్పుకుంటా." అత్త కూర్చున్న వైపు చెయ్యి చూపించింది. "మా అత్త ఉబ్బసం కోసం మీరంతా ప్రతి వారం ప్రార్థన చేస్తాండారు. మా కిటికీకి పట్టే మసే ఆమె గుండెల్లోనూ పడతాంది. ఆ మసిని బండిలోనే కాల్చే పొడిని దేవుడు నా చేత చేయించినాడు. క్యాటలిస్టు మారదని బళ్ళో చెప్తారు. నేను చూసింది చెప్తా. అది తన ఊపిరి తీసి మసికిస్తాది. ఇచ్చిందంతా గాలిలోంచి మళ్ళా తీసుకుంటాది. తీసుకోనీకపోతే, రెండోసారి ఇచ్చేకి దాని కాడ ఏమీ ఉండదు. పెండ్లయినప్పటి నుంచి నేను ఇస్తానే ఉండా. ఇప్పుడు తీసుకునేకి పోతాండా."

షెకైనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కృపమణి తల వంచి, రెండు చేతులూ జోడించి, అందరూ పుట్టినప్పటి నుంచి వింటున్న రాగంలోకి గొంతు మార్చింది.

"ఈ సాయంత్రం గుంతకల్లులో పూణె రైలెక్కుతాండా. నేను తిరిగి వచ్చేదాకా ఇంట్లో వంట, అత్త మందులు, పాప టిఫిను తనే చూసుకునేకి మా ఇంటాయనకు మంచి మనసు ఇచ్చిన దేవునికి మహిమ కలుగును గాక!"

"ఆమేన్!"

మగవాళ్ళ వైపు ముందు వరుసలోంచి, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. వెనకాలే హాలంతా అంది. గిద్యోను చెయ్యి పైకి లేచి ఉంది, నోరు ఇంకా మూతపడలేదు.

ఆరాధన అయ్యాక చెట్టు కింద చాపలు పరిచి ఆకులు వేస్తున్నారు. కృపమణి గైడుకు ఫోన్ చేసి తానే వస్తున్నానని చెప్పింది. సిద్దేశ్‌కు చేసి, "డబ్బా కోసం రావద్దప్పా, నేనే పట్టుకుని పోతాండా," అంది. ఫోను సంచిలో వేసి తలెత్తేసరికి గిద్యోను ఎదురుగా ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏంది కృపా ఇది, సంఘం ముందర? ఇంటికి పోయినాక మాట్లాడదాం. ప్రార్థనలో..."

"ప్రార్థన అయిపాయ కదప్పా," అంది చాప మీద కూర్చున్న ఎస్తేరమ్మ, ఆయాసపడుతూనే. "ఆమేను గూడా నువ్వే అంటివి. మా అందరికంటే ముందు అంటివి."

గిద్యోను తల్లి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. కృపమణి సాంబారు బకెట్టును గరిటెతో సహా ఆయన చేతిలో పెట్టి, అత్త పక్కన ఆకు ముందు కూర్చుంది.

"ఈ వరుస నుంచే వడ్డించండి. నాకు గుంతకల్లు బస్సుకు టైమవుతాంది."