గోడ మూల కిటికీ

దెసాంకాకి తెల్లవారేది గడియారంలోనే. ఒపల్ అనే రంగురాళ్లు తవ్వే ఆ ఆస్ట్రేలియా ఎడారి ఊళ్లో ఎండకు జడిసి జనమంతా కొండను తొలిచి కాపురాలు చేస్తారు. ఆమె ఇంటికి ఒక్క కిటికీ లేదు. లేచి దీపం వేసి, కాఫీ కాచి, మొగుణ్ణి గనికి పంపి, రాతిగోడల మధ్య తిరగడమే బతుకు. మంచి రాయి పడగానే అడిలైడ్ వెళ్లిపోదామని మిలొరాడ్ పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆ మాట వినీ వినీ ఆమెకు విసుగొచ్చింది.

ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టడానికి వచ్చినతను చిలక్కి చెప్పినట్టు చెప్పాడు: తీగ లోపల ఉన్నది రాగి కాదు, వెంట్రుకంత గాజు. అందులో పరుగెత్తేది వెలుగు. మరీ వంచితే బయటికి ఒలికిపోతుంది. మిలొరాడ్ తలూపాడు. వచ్చినతను వెళ్లగానే, గనిలో కరెంటు తీగ బిగించినట్టే, దాన్ని గోడ మూలకు మడిచి మేకు దిగ్గొట్టాడు. గనివాడికి వేలాడే తీగంటే గిట్టదు.

వెలుగు ఒలికిన చోట రాయి కరిగి, కొన్నాళ్లకు పళ్లెమంత కిటికీ అయింది. అవతల సముద్రం. పక్కింటి స్టావ్రూలా చూసి, ఉప్పుగాలికి గిన్నెలు పాడవుతాయి, పరదా కట్టుకోమని చెప్పి పోయింది. దెసాంకా పరదా కుట్టింది. పని మానేసి అక్కడే నిలబడేది.

అంతలో అడిలైడ్‌లో దెసాంకా పని కోసం రాసిన ఒక బేకరీ ఆవిడ వీడియోలో మాట్లాడతానంది. నచ్చితే ఉద్యోగం, ఉండటానికి మేడమీద గది. ఆ రోజు మిలొరాడ్ గనికి పోలేదు. స్క్రీన్ మీద ఆవిడ నోరు తెరిచింది, ఆగిపోయింది. మళ్లీ కదిలింది, మళ్లీ ఆగిపోయింది.

"ఆ మేకు తియ్యి," అంది దెసాంకా.

"తీస్తే కిటికీ పూడిపోతుంది. కిటికీ కావాలని ఇన్నేళ్లూ నా ప్రాణం తీసింది నువ్వే కదా?"

"అందులో నా తల కూడా పట్టదు, మిలొరాడ్."

అతని గొంతు తగ్గింది. "పని దొరికితే పోతావా?"

దెసాంకా స్క్రీన్ ముందు నుంచి లేచింది. పటకారు తెచ్చి మేకు పీకింది. తీగ వంపు విప్పుకుంది. సముద్రం నాణెమంత అయింది, ఆ తర్వాత మామూలు రాయి అయింది. ఆమెకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని స్క్రీన్ ముందు కూర్చుంది. ఈసారి మాట తెగలేదు. పిండి గురించీ, పొయ్యి గురించీ అన్నీ అడిగాక బేకరీ ఆవిడ నవ్వింది.

"ఎప్పుడు రాగలరు?"

దెసాంకా వెనక్కి చూసింది. మిలొరాడ్ గోడ మూలన అరచేత్తో రాయి తడుముతున్నాడు.

"రేపటి బస్సుకి," అంది.