రెండొందల పదమూడో చెట్టు

పూర్ణచంద్రరావు గారు కారు వెనకసీట్లో కూర్చున్నారు. కారు హెలెన్‌ది, నడుపుతున్నదీ హెలెనే. తన దగ్గరే చదువుకుని, డిగ్రీ కాలేజీలో పదకొండేళ్లుగా బోటనీ పాఠం చెబుతున్న మనిషిని, ముందుసీటు ఖాళీగా వదిలేసి, డ్రైవర్ని చేసేశారు మాస్టారు. ఉద్యోగం రిటైరైనా దర్జా రిటైరవలేదు.

పామర్రులో ఆయనకి సన్మానం. ‘మన డెల్టా చెట్లు’ అనే పుస్తకం రాసినందుకు. పుస్తకం ఇంకా ప్రెస్సులోనే ఉంది. కాలవగట్ల వెంట పదేళ్లు ఎండలో మాడి, రెండొందల పన్నెండు చెట్ల ఆకులూ కాయలూ సేకరించి, ఒక్కోదాని గురించి రాసింది హెలెన్. ఆయన ఫ్యాను కింద కూర్చుని కామాలు పెట్టారు. అట్ట మీద ఆయన పేరొక్కటే ఉంది. హెలెన్ పేరు లోపల కృతజ్ఞతల పేజీలో, జిరాక్స్ షాపు తరవాత. ఈ సాయంత్రం అట్ట అచ్చుకి వెళ్లిపోతుంది. అడిగితే ఇప్పుడే అడగాలి.

బెంజిసర్కిల్ దగ్గర నోటిదాకా వచ్చిన మాట పెనమలూరు దాటాక బయటపడింది.

“సార్, అట్ట మీద నా పేరు కూడా వేయిస్తే బాగుంటుందండీ.”

ఆయన జాలిగా నవ్వారు. “ఆకులేరడం వేరు, చెట్టుని పోల్చుకోడం వేరమ్మా. ఏరడానికి కూలివాళ్లు చాలు. పోల్చుకోడానికి కన్నుండాలి. నీకింకా ఆ కన్ను రాలేదు.”

హెలెన్‌కి ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ మోసిన గురుభక్తి అక్కడికక్కడే అసహ్యంగా మారింది. మారినందుకు ఆమెకి బాధ కూడా కలగలేదు.

కంకిపాడు దాటాక కొత్త ఫంక్షన్ హాలు ముందు ఆయన ఒక్క కేక పెట్టారు. “ఆపు, ఆపు!”

గేటు పక్కన చెట్టు. ఒక్క ఆకు లేదు, కొమ్మకొమ్మకీ లేతగులాబీ రంగు పూలు. అలాంటిది ఈ రోడ్డు మీద హెలెన్ ఎన్నడూ చూడలేదు. ఆయన మాత్రం దిగలేదు. దిగితే పట్టుపంచె నలుగుతుంది. అద్దం దించి, ఫోనుతో ఫొటో తీశారు. ఫోను చూసి చెట్టు పేరు చెప్పే పిల్లల్ని, ఆధార్ కార్డు చూసి అల్లుణ్ణి గుర్తుపట్టే రకం అని క్లాసులో ఏడిపించిన మహానుభావుడు ఈయనే.

“జపాన్ చెర్రీ!” ఫోను చూపించిన పేరు చదివారు. “మన డెల్టాలో! మొదట చూసింది నేను!”

“మన ఎండకి ఆ చెట్టు బతకదు కదండీ. దిగి చూద్దాం సార్.”

“చూసేశాగా.” అప్పటికే ప్రెస్సుకి ఫోను కలిపేశారు.

హెలెన్ దిగి వెళ్లింది. ముందు పూలు చూడలేదు. మాను చూసింది, చెయ్యి వేసి బెరడు తడిమింది. మాను మొదట్లో బల్లపరుపుగా ఉన్న ఎండుకాయలు. గానుగ చెట్టు. ఆకు రాల్చిన గానుగ. ఆమె పుస్తకంలో మొట్టమొదటి పేజీ దానిదే.

వాకిలి ఊడుస్తున్న మార్త అనే ఆవిడ చీపురు ఆపింది. “నిన్న పెళ్లికి కట్టారండీ ఆ పూలు. గుడ్డపూలు. సాయంత్రం ఇప్పేత్తారు. కావాలంటే ఒకటి తీసుకోండి.”

హెలెన్ ఒక పువ్వుని తీగతో సహా విప్పుకొచ్చింది. కారులో ఆయన ఫోను స్పీకరు ఆన్ చేసి ఉంది, అవతల ప్రెస్సు మనిషి.

“రెండొందల పదమూడో చెట్టు, దుర్గాప్రసాద్! కనిపెట్టినది పూర్ణచంద్రరావు. పక్కన ఎవరి పేరూ వద్దు. రాసుకున్నావా?”

“రాసుకున్నానండీ. పేజీ చేసేస్తున్నా.”

హెలెన్ ఆ పువ్వుని ఆయన అరచేతిలో పెట్టింది. రేకుల అడుగున జిగురు మరక, కాడకి ఇనపతీగ. ఆయన దాన్ని తిప్పి చూశారు, మళ్లీ తిప్పారు.

“గానుగండీ,” అంది హెలెన్ నెమ్మదిగా. “మన కాలేజీ గేటు దగ్గర మూడున్నాయి. ఈ జపాన్ చెర్రీ పూర్తిగా మీదే సార్, నాకు వాటా వద్దు. మిగతా రెండొందల పన్నెండూ నావి. ఏం చెయ్యాలో దుర్గాప్రసాద్ గారికి మీరే చెప్పండి.”

“సార్, లైన్లో ఉన్నారా?” అన్నాడు దుర్గాప్రసాద్. “పేజీ పంపమంటారా?”

“తీసెయ్,” అన్నారు ఆయన. పువ్వుని సీటు మీద పడేసి, “అట్ట మీద హెలెన్ పేరు వెయ్యి,” అన్నారు.

“మీ పేరు కిందా అండీ?”

ఆయన హెలెన్ వైపు చూశారు. ఆమె కారు స్టార్ట్ చెయ్యలేదు.

“పైన,” అన్నారు మాస్టారు.