బువ్వకు కూర్చున్న ఎడమ కాలు

త్రినాథరావు గారి కారు కర్దనూర్ సందులోకి తిరిగింది. దాని ముందుభాగం మల్లేష్ వాళ్ళ గేటు దగ్గరకు వచ్చేసినా వెనకభాగం ఇంకా యాదగిరి కిరాణా కొట్టు ముందే ఉంది. అంత పొడుగు కారు. మామూలు కార్లకు పైకప్పు దిగిపోయే చోట దీనికి దిగలేదు. చివరిదాకా అట్లాగే సాగిపోయి, అక్కడ నిలువు తలుపుతో ఆగింది.

యాదగిరి కొట్టు వదిలేసి బయటికొచ్చి, గేటు దగ్గరున్న మల్లేష్‌ను అడిగాడు. "మల్లేశన్నా, ఏందే ఇది? అంబులెన్స్ తెచ్చినవా?"

"అంబులెన్సు కాదయ్యా, స్టేషన్ వ్యాగన్ అంటారు దీన్ని" అన్నాడు త్రినాథరావు దిగుతూ. "డీజిల్ బండి. ఇంటిల్లిపాదీ పరుపులూ దిండ్లతో సహా పోవచ్చు."

"గంత పొడుగుంటే ముందు సీటోళ్ళు పొద్దున చేరుతరు, ఎనకోళ్ళు పగటికి చేరుతరు" అన్నాడు యాదగిరి. సందులో ఉన్నవాళ్ళంతా నవ్వారు.

తలుపు చాటున నిలబడ్డ తనుశ్రీ కూడా నవ్వింది, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని. మల్లేష్ కూతురు ఆమె. పదో తరగతి. బడిలో సారు ప్రశ్న అడిగితే జవాబు తనకు తెలిసినా పక్కన కూర్చున్న పిల్ల చెవిలో చెప్పేది. ఆ పిల్ల లేచి చెప్పి "వెరీ గుడ్" అనిపించుకునేది. తనుశ్రీకి అందులో బాధేమీ ఉండేది కాదు. నలుగురిలో నోరు తెరవకుండా పని జరిగితే చాలు ఆమెకు.

అయితే ఈ కారు మాత్రం ఇంట్లో ఉండిపోవాలని ఆమెకు గట్టిగా ఉంది. తన కోసం కాదు, నానమ్మ ఆగమ్మ కోసం.

పోయిన ఏడు వానల్లో ఆగమ్మ వాకిట్లో జారిపడింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు గానీ కుడి మోకాలు మళ్ళీ మడతపడలేదు. కాలు ఎప్పుడూ కట్టెలాగా చాచే ఉంటుంది. ఆటోలో పట్టదు, బస్సు మెట్లు ఎక్కలేదు. ఒకసారి ట్రాలీ ఆటోలో పరుపేసి పడుకోబెట్టి పటాన్‌చెరు ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలో కంపెనీ గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు టోపీలు తీసి దండం పెట్టారు.

"బతికున్న మనిషికి దండం పెడ్తరా! నాకు దుప్పటి కప్పుడెందుకురా, ముఖం సుత!" అని ఇంటికొచ్చి ఆగమ్మ రెండు పూటలు తిట్టింది. ఆ తర్వాత గడప దాటనంది. ఏటేటా పోయే బొంతపల్లి వీరభద్రుని దగ్గరికి కూడా పోలేదు. పోలేదని ఎవరితోనూ అనదు. కానీ పొద్దున్నే మంచంలోంచి బొంతపల్లి దిక్కుకు తిరిగి చేతులు జోడించడం తనుశ్రీ రోజూ చూస్తూనే ఉంది.

ఈ కారులో వెనక సీటు సగం ముందుకు పడగొడితే చివరి తలుపుదాకా చదునుగా అవుతుంది. పరుపేస్తే ఆగమ్మ డ్రైవరు సీటుకు వీపు ఆనించి, కాలు చాచుకుని రాణిలాగా కూర్చోవచ్చు.

త్రినాథరావుది తెనాలి దగ్గర ఊరు. ఫ్యాక్టరీ ఉద్యోగానికి ఈ పక్కకు వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. మల్లేష్ నడిపే ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులో డ్రైవరు వెనక సీటు రిటైరయ్యేదాకా ఆయనదే. ఇప్పుడు చూపు తగ్గుతోందని కారు నడపడం ఇవాళ్టితో మానేసి, దాన్ని అమ్మేద్దామనుకుంటున్నాడు.

"ఆదివారం సాయంత్రం సంగారెడ్డి నుంచి ఒకాయన చూడ్డానికొస్తానన్నాడయ్యా" అన్నాడు. "నాకైతే మీ అమ్మగారు ఎక్కితేనే ఇష్టం. అందాకా నీ దగ్గరే ఉంచుకో. నడపడం నీకు కుదిరితే ఆయన్ని రావద్దంటాను."

"కుదురుడేంది సార్! బస్సు నడిపెటోనికి కారు ఒక లెక్కనా?" అన్నాడు మల్లేష్, మీసం సవరించుకుంటూ.

తీరా ఎక్కాక చూస్తే కింద రెండే ఉన్నాయి, బ్రేకూ ఎక్సలేటరూ.

"సార్, క్లచ్ ఊడిపోయినట్టుంది."

"ఊడిపోలేదు. ఇది ఆటోమేటిక్. గేర్‌బాక్సులోనే రెండు క్లచ్చులుంటాయి."

"రెండున్నయంటున్నరు, కాళ్ళ కింద ఒక్కటి గూడ లేకపాయె!"

త్రినాథరావు నవ్వి గేరు కర్ర ఎక్కడ పెట్టాలో చూపించాడు. మల్లేష్ బ్రేకు మీది నుంచి కాలు తీశాడు. తీయగానే బండి తనంతట తానే మెల్లగా కదిలింది.

"అరె, నేను తొక్కకముందే పోతున్నదేంది!" అంటూనే మల్లేష్ ఎడమ కాలు లేచింది. ఏళ్ళ తరబడి బస్సు క్లచ్ తొక్కిన కాలు అది. అలవాటైన చోట అలవాటైన బలంతో ధడేలున తొక్కింది. అక్కడుంది బ్రేకు. బండి గోడకు గుద్దుకున్నట్టు ఆగింది. త్రినాథరావు కళ్ళద్దాలు ముక్కు మీంచి ఎగిరి అద్దం దగ్గర పడ్డాయి. వెనక కూర్చున్న తనుశ్రీ నుదురు సీటుకు తగిలింది.

ఆ సాయంత్రమంతా ఇదే వరస. మలుపు దగ్గర ఒకసారి, గేదె అడ్డమొచ్చినప్పుడు ఒకసారి, స్పీడ్ బ్రేకర్ కనబడ్డ ప్రతిసారీ. కుడి కాలు చెప్పినట్టే వింటోంది. ఎడమ కాలు మాత్రం మల్లేష్ కంటే ముందే లేస్తోంది.

"నీ కాలికి రిటైర్మెంట్ ఇచ్చి దండేసి పంపియ్యాలె" అంది తనుశ్రీ తల్లి రాధమ్మ, ఇంటికొచ్చాక నీళ్ళ చెంబు అందిస్తూ.

త్రినాథరావు అరుగు మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఓపిగ్గా చెప్పాడు. "ఒక క్లచ్చు ఒక గేరుని పట్టుకుని బండిని నడిపిస్తుంటే, రెండోది పై గేరుని పట్టుకుని తయారుగా ఉంటుంది. ఇది వదలగానే అది అందుకుంటుంది. మధ్యలో సందే ఉండదు. నీ కాలితో పనే లేదయ్యా."

మంచం మీంచి వింటున్న ఆగమ్మ అందుకుంది. "ఒక రోట్ల ఇద్దరు ఒడ్లు దంచినట్టు కొడకా! పక్కింటి బీరమ్మ రోకలి లేసినప్పుడు నా రోకలి పడ్తుండె. ఆగుడన్నదే లేకుండె. నడుమల నువ్వు శెయ్యి పెడ్తివనుకో, ఏమైతది?"

"ఏళ్ళు పోతయ్."

"మరి నీ ఎడమ కాలు ఎందుకు పెడ్తున్నవ్ రోట్ల?"

"నేను పెడ్తలేనవ్వా, అదే పోతున్నది!" అన్నాడు మల్లేష్ ఏడుపు ముఖంతో.

శనివారం ఊరి బయట ఖాళీ ప్లాట్లలో పొద్దుపోయేదాకా నడిపాడు. చెప్పు విడిచి చూశాడు. కాలిని తువ్వాలుతో సీటు రాడ్డుకు కట్టుకుని కూడా చూశాడు. తువ్వాలు చినిగింది. చూడ్డానికి వచ్చిన యాదగిరి, "జెర బండికి గూడ నడుం నొప్పి గోలీ తేవాల్నా అన్నా?" అని అడిగాడు.

తనుశ్రీ గట్టు మీద కూర్చుని తండ్రి ఎడమ కాలినే చూస్తోంది. అది ఎప్పుడు లేస్తోంది, ఎప్పుడు ఊరుకుంటోంది? నేల మీద ఆనుకుని ఉంటే చాలు, లేస్తోంది. ఆ రాత్రి ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే ఆమె చెయ్యి టక్కున ఆగిపోయింది. మల్లేష్ కింద కూర్చుని, సక్లముక్లం పెట్టుకుని తింటున్నాడు. ఎడమ కాలు మడత పడి కుడి తొడ కింద ఉంది. ఫోన్ మోగింది, ఎడమ చేత్తో తీసి మాట్లాడాడు. పిల్లి వచ్చి పళ్ళెం దగ్గర మూతి పెట్టబోయింది, కుడి మోకాలితో నెట్టాడు. ఎడమ కాలు మాత్రం చంటిపిల్లలాగా పడుకునే ఉంది.

"నాయినా" అంది తనుశ్రీ.

"ఏం బిడ్డా?"

అరుగు మీద యాదగిరి, ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. పొద్దున్నుంచీ అందరూ తండ్రికి సలహాలే చెబుతున్నారు. ఇప్పుడు తాను కూడానా? వాళ్ళు నవ్వితే?

"తొక్కు ఎయ్యాల్నా?" అంది, పచ్చడి గిన్నె ముందుకు జరిపి.

ఆదివారం పొద్దున మల్లేష్ ముఖం వేలాడేసుకునే బొంతపల్లికి బయల్దేరాడు. త్రినాథరావు రాలేదు, తన అద్దాల మీద తనకు ప్రేముందన్నాడు. ఆగమ్మను ఇద్దరు ఎత్తి పరుపు మీద కూర్చోబెట్టారు. కొత్త చీర కట్టుకుంది. వెనక అద్దంలోంచి సందులో వాళ్ళందరికీ చెయ్యి ఊపింది. రాధమ్మ మిగిలిన సగం సీటులో, తనుశ్రీ ముందు సీటులో కూర్చున్నారు.

ఇంకా పటాన్‌చెరు రాకముందే కొబ్బరికాయలు సంచిలోంచి దొర్లి ముందుకొచ్చాయి. చౌరస్తాలో మూడోసారి ధడేలుమని ఆగేసరికి వెనక లారీ డ్రైవరు తల బయటపెట్టి, "అరే భాయ్, బ్రేక్ సే ప్యార్ హో గయా క్యా?" అని అరిచాడు.

"ఇగ నాతోని కాదు" అన్నాడు మల్లేష్. "దర్శనం కాంగనే సార్ ఇంటికాడ పెట్టేస్త. సంగారెడ్డి ఆయననే కొనుక్కోనీ."

వెనక నుంచి ఆగమ్మ అంది. "వీరన్న గుడి కాడ శక్రాల కింద నిమ్మకాయలు పెట్టిపిద్దాం. పలిగినయంటే బండి మనది. పలగలేదా, సారుది. దేవుడే శెప్తడు."

"అవ్వా, కొనకముందే పూజనా?"

"నడుపు ముంగట సూసుకుంట."

తనుశ్రీ తండ్రి ఎడమ కాలి వైపు చూసింది. దేవుడు చెప్పేది ఏముంది ఇందులో? చెప్పాల్సింది నాయిన కాలు కదా.

బొంతపల్లి గుడి ముందు బండ్ల పూజకు వరస ఉంది. కొత్త ట్రాక్టరు, రెండు ఆటోలు, నంబరు పడని మోటారు సైకిళ్ళు. వీళ్ళ వంతు వచ్చింది. అయ్యగారు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. "ఆఁ, ముందుకు పోనియ్యి" అన్నాడు పక్కకు జరిగి.

మల్లేష్ నుదుటి మీద చెమట. బ్రేకు వదిలాడు. బండి కదిలి నిమ్మకాయలను తాకింది. ఎడమ కాలు లేచింది. ధడ్. నిమ్మకాయలు కొంచెం నొక్కుకుని, అట్లాగే ఉన్నాయి.

"మళ్ళా" అన్నాడు అయ్యగారు.

మళ్ళీ ధడ్. వరసలో వెనకవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. "తాతా, లైసెన్సు ఉన్నదా?" అని ఎవరో కుర్రాడు అరిచాడు. ఆటోవాడొకడు "నేను తీస్త, దిగు" అన్నాడు. మల్లేష్ చెవులు ఎర్రబడ్డాయి. బండి ఆపేశాడు. తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు.

తనుశ్రీ వెనక్కి చూసింది. రాధమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగమ్మ చాచిన తన కాలిని మెల్లగా నిమురుకుంటోంది, ఇంటికి పోయాక మళ్ళీ బయటికి వచ్చేది లేదని ఆ కాలికి చెబుతున్నట్టు.

"నాయినా, దిగకు!"

ఆ గొంతు ఎవరిదో తనుశ్రీకే ఒక క్షణం అర్థం కాలేదు. హారన్లు ఆగిపోయాయి. అయ్యగారు, ఆటోవాడు, ట్రాక్టరు మీద కూర్చున్న కుటుంబమంతా ఆమె వైపే చూస్తున్నారు. ఇంకెలాగూ చూస్తున్నారు కదా అని అంతే గట్టిగా అంది.

"బువ్వకు కూసున్నట్టు కూసో!"

"ఏందీ?"

"ఎడమ కాలు మడిచి కుడి తొడ కింద పెట్టుకో. బువ్వ తినేటప్పుడు అది ఎన్నడన్న కదిలిందా? ఫోన్ మోగినా కదలది, పిల్లొచ్చినా కదలది!"

మల్లేష్ నోరు తెరిచి కూతుర్ని చూశాడు. లోపలికి జరిగాడు. తలుపేసుకున్నాడు. ఎడమ కాలు పైకి లాగి, మడిచి, పీటమీద కూర్చున్నట్టు సర్దుకున్నాడు. "ఇట్లనా?"

"ఆఁ, గట్లనే."

"ఇగ పళ్ళెం ఒక్కటే తక్కువ" అంది వెనక నుంచి రాధమ్మ.

బండి స్టార్టయింది. బ్రేకు వదిలాడు. నిమ్మకాయలు తగిలాయి. మల్లేష్ ఎడమ తొడ ఒక్కసారి వణికింది, లేవడానికి దారి లేక ఊరుకుంది. కుడి కాలు ఎక్సలేటరు మీద నెమ్మదిగా ఆనింది. లోపల రెండు రోకళ్ళూ ఒకదాని వెంట ఒకటి అందుకున్నాయేమో, బండి నీళ్ళ మీద పోయినట్టు పోయింది. టప్. టప్. వెనక చక్రాల కింద ఇంకో రెండు.

"పలిగినయ్!" అని అరిచింది ట్రాక్టరు మీది ముసలమ్మ, నిమ్మకాయలు తనవైనట్టు. ఇందాక లైసెన్సు అడిగిన కుర్రాడే ఈల వేశాడు.

మల్లేష్ అదే ఊపులో బండిని తిప్పి, వెనక్కి తీసుకెళ్ళి గుడి మెట్లకు ఎదురుగా ఆపాడు. చివరి తలుపు పైకి ఎత్తాడు. ఆగమ్మ కూర్చున్నచోటి నుంచే గుడి గోపురం, తెరిచిన ద్వారం, లోపల వెలిగే దీపం కనిపించాయి. ఆమె చాలాసేపు చేతులు దించలేదు. అయ్యగారు తీర్థం అక్కడికే తెచ్చిచ్చాడు.

తిరుగు దారిలో త్రినాథరావు ఫోన్ చేశాడు. ఆగమ్మే అడిగి తీసుకుంది. "సారూ, సంగారెడ్డి ఆయనకు జెర జల్దీ శెప్పు, రావద్దని. పాపం ఉత్తగ డీజిల్ దండుగ." తర్వాత తనుశ్రీ భుజం మీద తట్టి, "గింత గొంతు ఏడ దాసిపెట్టినవే పిల్లా?" అంది.

తనుశ్రీ చున్నీ నోటికి అడ్డం పెట్టుకోబోయింది. ఒళ్ళో పెట్టుకున్న కొబ్బరి చిప్పల నీళ్ళు చున్నీ నిండా ఉన్నాయి. అట్లాగే నవ్వేసింది.

సోమవారం మల్లేష్ షిఫ్టు నుంచి వచ్చి గడపలోనే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమైంది?" అంది రాధమ్మ.

"పొద్దుగాల భానూర్ కాడ జనాలను ఎక్కించుకున్న. గేరెయ్యబోతే క్లచ్ దొరుకుతలేదు. ఎంత ఎతికినా లేదు. బస్సు బస్సంత ఏందేంది అని పరేషాన్. ఆఖరికి కిందికి సూస్తే..."

"ఆఁ, సూస్తే?"

"కాలు తొడ కింద ఉన్నది. బువ్వకు కూసున్నది."