కుడి ఊపిరితిత్తిలో ఈల

నేను ఒక ఈలని. చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్కని. రేకుల షెడ్డులో నన్ను అచ్చు పోసి, రబ్బరు బాతు అడుగున కన్నంలో కుక్కారు. అంటించలేదు. జిగురు దండగనుకున్నారు. తిరనాళ్లలో గంపవాడు బాతును నొక్కి నొక్కి నా చేత కూయించి, హంసిని అనే పిల్ల తండ్రికి అంటగట్టాడు. పిల్లకి ఇంకా మూడేళ్లు నిండలేదు.

హంసిని బాతును కొరికింది. నేను ఊడి నోట్లో పడ్డాను. అప్పుడే నవ్వింది. గాలి దారిలోకి జారిపోయాను. దగ్గి దగ్గి మొహం నీలమైంది.

నాయనమ్మ అచ్చియ్యమ్మ నెత్తి మీద తట్టింది. "మీ మేనమామ తలుచుకుంటన్నాడే! వాడికి వేరే పనేముంది?"

ఇంటిల్లిపాదీ నవ్వారు. నేను కుడి ఊపిరితిత్తి గొట్టంలో ఇరుక్కోగానే దగ్గు ఆగింది. పొలమారింది తగ్గిందన్నారు. బాతు కూయడం లేదని పెంటలో పారేశారు. ఎందుకు కూయడం లేదో ఒక్కరూ చూడలేదు.

తర్వాత జ్వరం. డొక్కలెగరేసే ఆయాసం. ఊళ్లో సూదులేసే సూరన్న దగ్గరికి తీసుకెళ్లారు.

"ఊపిరి వదిలినప్పుడల్లా ఈలేసినట్టుంటందండీ," అంది తల్లి రత్నకుమారి.

"నెమ్ము పడితే అట్టాగే మోగుద్దమ్మా. వైద్యం నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?"

నేను మోగుతూనే ఉన్నాను. నాకు వచ్చిన పని అదొక్కటే. సూది పడితే జ్వరం దిగేది, ఆపితే ఎక్కేది. ఎప్పుడొచ్చినా కుడివైపే. పట్నంలో ఎక్స్‌రే తీశారు. ప్లాస్టిక్‌ని, అందులో కనబడను. నా కింద చీము పట్టిన చోటు మాత్రం తెల్లగా పడింది. న్యుమోనియా అని అక్కడా అదే మాట. తెల్లమచ్చ కనబడగానే అందరి బుర్రలకూ తాళం పడింది.

చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ విసుక్కుంది. "ప్రతిసారీ ఒకే వైపేమిటి? జ్వరాలు మొదలవకముందు ఎప్పుడైనా గట్టిగా పొలమారిందా?"

"పొలమారడం కూడా రోగమేనా తల్లీ? వాళ్ల మేనమామ..." అంది అచ్చియ్యమ్మ.

"మేనమామ సంగతి నేనడగలేదు. అప్పుడు పిల్ల చేతిలో ఏముంది?"



"బాతు," అంది రత్నకుమారి. "కూయడం లేదని పెంటలో పారేశాం."

గొట్టం దించి నన్ను పీకారు. అప్పటికే ఆలస్యమైంది. పాడైన కింది భాగాన్ని కోసేశారు. హంసిని బతికింది. పరుగు మొదలుపెట్టి మధ్యలో కూర్చుండిపోతుంది.

ఇప్పుడు నేను వైద్య కళాశాలలో గాజు సీసాలో ఉన్నాను. కుర్ర డాక్టర్లు వచ్చి నన్ను చూసి ముచ్చటపడి ఫొటోలు తీసుకుంటారు. చూడాల్సింది నన్ను కాదు. పక్క సీసా చూడండి. అందులో ఉన్నది ఆ పిల్ల ఊపిరితిత్తి ముక్క. నన్ను మొదటి వారంలోనే తీసి ఉంటే, అది ఇంకా ఊపిరి తీస్తూ ఉండేది.