కనుమ మూసేలోగా

ఇంకో మూడు గంటల్లో, పగలు పన్నెండింటికి, మంచు వల్ల దోలోన్ కనుమ మూసేస్తారు. అవతల బిష్కెక్ ఆసుపత్రిలో రేపు అయ్‌జార్కిన్‌కి ఆపరేషన్. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. ఇవతల నార్యిన్‌లో, మైనస్ ముప్పై చలిలో, ఆమెను అక్కడికి తీసుకెళ్లాల్సిన మొగుడి కారు దగ్గుతోంది.

బురుల్సున్ పానాల పెట్టె మంచులో దించింది. ఆమె మెకానిక్, అయ్‌జార్కిన్ మొగుడు మిర్జాకుల్‌కి సొంతక్క.

"పిస్టన్ రింగులు పోయాయట, ఎజే," అన్నాడు తమ్ముడు అక్కతో. "సంత దగ్గర మెకానిక్ చూడగానే చెప్పేశాడు. ఇంజిను దించాలంటే నాలుగు రోజులట."

"చూడగానే చెప్పేవాడు జోస్యుడు. స్టార్ట్ చెయ్."

ఇంజిను ఎగిరెగిరిపడి, వణుకుతూ అందుకుంది. వెనక గొట్టంలోంచి పొగ గుప్పున లేచింది. బురుల్సున్ తెల్లగుడ్డ అడ్డం పెట్టి, వేలితో రుద్దింది. పొడి మసి.

"నూనె కాలితే పొగ నీలంగా ఉంటుంది, గుడ్డ జిడ్డవుతుంది. ఇది నల్లపొగ. పెట్రోలు ఎక్కువై, గాలి చాలట్లేదు. రింగులు కాదు."

బానెట్ ఎత్తింది. ఇంజిను మీద లావుపాటి ఉన్ని కంబళి.

"నేనే కప్పాను," అంది తల్లి సబీరా గడపలోంచి, గర్వంగా. "రాత్రంతా దూడలా వెచ్చగా పడుకుంటుంది."

"దూడ ఒక్కటే పడుకోలేదమ్మా."

కంబళి అంచులు కొరికేసి ఉన్నాయి. గాలి ఫిల్టరు డబ్బా విప్పితే నిండా ఉన్ని ఉండలు, మధ్యలో నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టె ముక్కలు. ఎలుక కాపురం.

"నా బోర్సోక్‌లు!" ముసలమ్మ గుండె బాదుకుంది. "అవి మాయమవుతుంటే ఇన్నాళ్లూ కోడల్ని తిట్టాను!"

బురుల్సున్ డబ్బా ఊడ్చి, తన బండి ఫిల్టరు పీకి తెచ్చి బిగించింది. మసి పట్టిన నాలుగు ప్లగ్గులూ తుడిచి పెట్టింది. టైం పదీ ఇరవై.

తమ్ముడు మళ్లీ తాళం తిప్పాడు. మళ్లీ దగ్గు, మళ్లీ నల్లపొగ. మిర్జాకుల్ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.

"ఆపకు! పాత మసి కాలనీ."

ఒక్క నిమిషం. వణుకు తగ్గింది. నలుపు పలచబడి తెల్లబడింది.

"తెల్లపొగ, ఎజే! నీళ్లు కాలుతున్నాయా?"

"ఆవిరిరా. నీ నోట్లోంచీ అదే వస్తోంది, నిన్ను కూడా విప్పనా? కదులు!"

పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువగా బురుల్సున్ ఫోన్ మోగింది.

"కనుమ గేటు దాటాం, ఎజే. మా వెనకే మూసేస్తున్నారు."

"ఇంజినేమంటోంది?"

"అది నోరెత్తట్లేదు. నీ మేనల్లుడే తెగ తన్నుతున్నాడట."

వెనక సీట్లోంచి అయ్‌జార్కిన్ అరిచింది: "మేనకోడలు!"