ఉరుకుందు చేతి విత్తనం

ఆ కాలంలో ఆదోని పక్క పల్లెల్లో తొలివాన పడితే చాలు, పొద్దు పొడవగానే విత్తే గొర్రులు చేలకు కదిలేవి. గొర్రు తోలడానికి ఎవరైనా సరే. దాని మీదున్న చెక్కగిన్నె, జడ్డిగంలో గుప్పెడు గుప్పెడుగా విత్తనం వదలడానికి మాత్రం మంచి చెయ్యి అని పేరున్నవాళ్లనే పిలిచేవాళ్లు. ఉరుకుందు వాళ్లమ్మకు బతికున్నన్నాళ్లూ ఆ పేరుండేది. కడప జైల్లో ఉన్న ఐదేళ్లూ వాన వాసన తగిలినప్పుడల్లా అతనికి ఆమె గాజుల చప్పుడే వినిపించేది.

గట్టు తగాదాలో ఒకడి తల పగలగొట్టి జైలుకు పోయినవాడు. తిరిగొచ్చి నెలైనా ఎవరూ పనికి పిలవలేదు. వాన పడిన మర్నాడు లింగప్ప తాత వచ్చి తన చేనికి తీసుకుపోయి, కొర్ర విత్తనాల మూట చేతిలో పెట్టాడు.

"నేనా తాతా? గొర్రు తోల్తాలే."

"తోలేదానికి నేనుండా. నువ్వు విత్తనమెయ్యి."

పక్క చేలోంచి నాగన్న అరిచాడు. "ఏమప్పా లింగప్పా, మనిషిని కొట్టిన చేత్తో విత్తనమా? ఒక్క మొలక రాదు సూడు!"

"రాకపోతే బీడయ్యేది నా చేను గదప్పా. నీకేమి నొప్పి?"

మొదటి సాళ్లలో ఉరుకుందు చేతిలోంచి విత్తనం కుప్పగా పడింది. తాత ఎద్దుల్ని నిమ్మళంగా నడిపించాడు.

"మీయమ్మ గూడా కొత్తలో ఇట్లనే ఒత్తుగా ఏసేది నాయనా."

తర్వాత చెయ్యి కుదిరింది.

పదో రోజుకు చేనంతా పచ్చగా లేచింది. నాగన్న గట్టు మీదికొచ్చి, వంగి మొలకలు చూశాడు.

"ఉరుకుందూ, రేపు జొన్న ఏస్తాండాం. వస్తావా?"

"పొద్దున్నే వస్తా చిన్నాయనా," అన్నాడు ఉరుకుందు.